ఉప్పు బంగళా గురి

భావనపాడులో సుభద్రమ్మ దినచర్య ఉప్పు బంగళాను చూడడంతో మొదలవుతుంది. వాకిలి ఊడ్చి, చేపల గంప కడిగి బోర్లించి, చేతులు కొంగున తుడుచుకొని ఆమె నడవ గోడమీది ఫోటో ఎదుట నిలుస్తుంది. నలుపు తెలుపుల ఆ పటంలో ఎత్తైన స్తంభాల బంగళా ఒకటి, దాని వెనుక దూరాన ఒక పెద్ద కొండ, దగ్గరగా ఒక చిన్న కొండ. ఉప్పుమీద దొరలు పన్ను వసూలు చేసిన కాలం నాటిది. ఆ ఫోటో తీసిన దొరను పడవలో తిప్పినవాడు సుభద్రమ్మ ముత్తాత. పిదప బంగళా తుపానులకు కూలి ఇసుక పాలైంది. అది ఏ చోట ఉండేదో ఎరిగినవారు ఒక్కరొక్కరుగా గతించారు. ఫోటోలో మాత్రం, ఆ చోట నేడు ఎట్లుంటే అట్లే పొద్దు పొడుస్తుంది, మబ్బు కమ్ముతుంది. అప్పుడప్పుడు మేకలు వచ్చి, తమ పాలిట లేని గోడలలోనుండి నడిచి అవతలికి పోతాయి.

పొరుగింటి లక్ష్మణమ్మ చేపలు ఎండబెట్టే ముందు గుమ్మంలోనుండే అడుగుతుంది.

"ఏటప్పా, బొమ్మలో మబ్బు ఉన్నాదా?"

"లేదే, పరుసుకో."

"నిన్నా ఇలాగే సెప్పినావు. నా సేపలన్నీ తడిసిపోనాయి."

"నేను సూసేటప్పటికి లేదు. మబ్బు నన్ను అడిగి వస్తాదేటి?"

ఆ ఏడు, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ మొదలుకొని సరుగుడు తోపు దాకా తీరమంతా రొయ్యల హేచరీకి కావలెనని ఒక కంపెనీ అర్జీ పెట్టింది. పడవలు లాగే నేల, వలలు ఆరే నేల అదే. ఉప్పు బంగళా ముందరి నేల పడవలవారిదని తాతల నాటినుండి ఉన్న మాట. తహసీల్దారు దానిని కాదనలేదు, ఔననలేదు. "బంగళా ఎక్కడుండేదో చూపండి. పునాది కనబడితే దాని ముందరి నేల మీకు విడుస్తాను. లేదంటే నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

శ్రీకాకుళం కళాశాలలో చరిత్ర చెప్పే అరుణశ్రీ ఆ సంగతి విని బస్సెక్కి వచ్చింది. ఫోటోను గోడనుండి దింపించి, వెలుగులోకి తెచ్చి, తదేకంగా పరికించింది.

"ఇది ఒడ్డుమీద నుంచి తీసింది కాదమ్మా. అడుగున అల చూడండి. పడవలోనుంచి తీశారు. చిన్న కొండ పెద్ద కొండకు కుడి భుజం కింద ఒదిగి ఉంది. సముద్రంలో ఏ చోటినుంచి చూస్తే కొండలు ఇలా కనిపిస్తాయో, దానికి సరిగ్గా ఎదుటి ఒడ్డున బంగళా ఉండాలి. అలా చూసి చెప్పగలిగినవారు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరో ఎందుకు మేడమ్ గారూ? నా తమ్ముడున్నాడు" అన్నది సుభద్రమ్మ.

పడవ కదిలేకొద్దీ కొండలు ఒకదానిని ఒకటి దాటుతాయి. ఆ కూడికను బట్టి నీటి అడుగున బండలెక్కడ ఉన్నవో, వల ఎక్కడ వేయరాదో పూర్వులు నిర్ణయించేవారు. దానిని కొండ గురి అంటారు. ఇప్పటి పడవలు సెల్‌ఫోనును చూసుకొని నడుస్తున్నవి. తండ్రి వద్ద గురి నేర్చినవాడు ఆ ఊరిలో సోములొక్కడే మిగిలాడు.

చేపలు ఎక్కడ పడ్డాయని అడిగితే ఆ తీరంలో ఎవడూ నిజం చెప్పడు. అందులో తప్పూ లేదు. గురి అడిగితే మాత్రం పగవాడికైనా అబద్ధం చెప్పరాదు, చెప్పిన గురిని తిరిగి ప్రశ్నించరాదు. ప్రాణాలు ఆ మాట పట్టుకొని నడుస్తాయి. ఆడవారు వేట పడవ ఎక్కరు గనుక సుభద్రమ్మ సముద్రంమీద నుండి ఆ కొండలను చూచినది లేదు.

సోములు ఫోటోను రెండు చేతులా పట్టుకొని చాలాసేపు చూచాడు. తల్లి పోయిన నాటినుండి సుభద్రమ్మ ఎత్తుకొని పెంచిన తమ్ముడు.

"దచ్చినం వైపప్పా. సరుగుడు తోపులో, ఆ చివర" అన్నాడు.

ఆమె మారు మాట అడగలేదు.

తవ్వకం నాడు తహసీల్దారు మనుషులతో తోపుకు వచ్చాడు. పోల్చి చూడడానికి పటాన్ని తెమ్మని అరుణశ్రీ ఫోనులో చెప్పినందున సుభద్రమ్మ దానిని చంకన పెట్టుకొని వచ్చింది. సోములు రాలేదు, వేటకు పోతున్నానని తెల్లవారగానే చెప్పి వెళ్ళాడు. పటం కూడా తోపుకు వస్తుందని అతడు తలపోయలేదు.

ఎంత తవ్వినా సరుగుడు వేళ్ళే, వేళ్ళ కింద ఇసుకే. మిట్ట మధ్యాహ్నమైంది. తహసీల్దారు చేతి గడియారం చూచుకున్నాడు. సుభద్రమ్మ అలసి చెట్టు నీడన కూలబడి పటంవైపు చూచింది.

బంగళా వసారాలో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు టోపీ పెట్టిన కొత్తవాడు. రెండవవాడు కంచె గుంజలు భుజాన వేసుకొని గోడలోనుండి ఇవతలికి వచ్చి, మెట్ల మీద ఒక గుంజను నిలిపి సుత్తితో కొట్టాడు. వరిగింజంత మనిషి. తెడ్డు వేసి వేసి కుంగిన ఎడమ భుజం, చెవిమీదికి జార్చి కట్టిన తలగుడ్డ. ఆ తలగుడ్డ కట్టడం నేర్పినది ఆమెయే.

"మేడమ్ గారూ, గొయ్యి ఆపించండి" అన్నది సుభద్రమ్మ.

"ఏమైందమ్మా?"

"నా తమ్ముడు బంగళాలో ఉన్నాడు."

అరుణశ్రీ వంగి చూచింది. "ఆ చోటు ఎక్కడ?" అని మాత్రం అడిగింది.

"బొమ్మ సెప్పదు. కొండల్నే అడగాల."

ఒడ్డున పోతురాజు ఇంజనుకు నూనె పోస్తున్నాడు. ఆమె నీటిలోకి దిగి పడవ అంచు పట్టుకోగా వాడు నూనె డబ్బా కింద పెట్టాడు.

"వదినా, ఏటిది? ఆడోళ్ళు ఎక్కకూడదు గదా."

"మైలైతే పసుపునీళ్ళు నేనే సల్లుతాను. ముందు లాగు."

"ఊరోళ్ళు నన్ను తిడతారు."

"నేల పోతే తిట్టడానికి ఊరెక్కడుంటాది?"

వాడు ఇంజను తిప్పాడు. అలలు దాటిన పిదప పడవను ఉత్తరానికి మళ్ళించమన్నది. ఒడ్డున తోపు కిందికి జారగా దాని తలమీదుగా కొండలు రెండూ పైకి వచ్చాయి. ఇంత దగ్గరగా, ఇంత నీలంగా ఉంటాయని ఆమె ఎరుగదు. చిన్న కొండ మొదట పెద్ద కొండకు దూరంగా, విడిపోయిన బిడ్డవలె నిలిచి ఉన్నది. పడవ సాగేకొద్దీ చేరువై, చేరువై, ఏటిమొగ ఎదుటికి వచ్చేసరికి పెద్దకొండ కుడి భుజం కింద ఒదిగింది. చేతిలోని పటానికీ కంటి ఎదుటి దానికీ బంగళా ఒక్కటే తేడా.

"ఇక్కడ ఆపు."

ఎదుటి ఒడ్డున మొగలిపొదల నడుమ సోములు సుత్తి ఎత్తి, పడవలో నిలుచున్న అక్కను చూచి, ఎత్తిన చెయ్యి దించడం మరచాడు.

ఆమె తడిసిన చీరతో ఒడ్డెక్కింది. టోపీవాడు అప్పటికే మోటారు సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు.

"అప్పా, కంపెనీవోళ్ళు వాచ్‌మేన్ పని ఇస్తామన్నారు" అన్నాడు సోములు నేల చూస్తూ. "నెలనెలా జీతం. సముద్రంలో ఏటున్నాదిప్పుడు?"

"ఆ మాట నాకు సెప్పుంటే నేనే పోయి అడిగేదాన్ని గదరా."

"నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోను. తిడతాను. తిట్టి అన్నం ఎడతాను." ఆమె తడి కొంగు పిండుకుంటూ, "నిన్ను అడిగింది గురి, సోములూ. నాన్న నోట ఇన్న గురి. దానికి అబద్ధం ఆడినావు" అన్నది.

అతడు సుత్తిని ఇసుకలో పడేశాడు.

తహసీల్దారు మనుషులు పడవను చూసుకుంటూ ఒడ్డు వెంట నడిచి వచ్చి అక్కడ గునపం వేశారు. మోకాటి లోతున రాయి పలికింది. పొద్దు వాలేలోపల మూడు మెట్లు, ఒక స్తంభపు పీఠం బయటపడ్డాయి. ఏటిమొగ నేల పడవలకు మిగిలింది. హేచరీవారు మరొక ఊరు చూచుకున్నారు.

సోములు తిరిగి వేటకు పోతున్నాడు. పోతురాజు తన పడవలోనే పని ఇచ్చాడు. అందరితో పాటు వాటా ఇస్తాడు, బీడీ ఇస్తాడు. గురి మాత్రం అడగడు. పసుపునీళ్ళు చల్లించిన నాటినుండి పెద్దలు సుభద్రమ్మను ఆ పడవ ఎక్కనిస్తున్నారు. ఆమెకు తెలియనిది తమ్ముని అడగదు. పటాన్ని, కొండలను చూచి తానే నేర్చుకుంటున్నది.

మొన్న ఒకనాడు బండల దగ్గర సెల్‌ఫోను పనిచేయలేదు. వల పట్టుకొని అందరూ నిలిచిపోయారు. సోములు కొండలవంక చూచి, మెల్లగా, "సిన్నకొండ దాటింది. బండలు ఎనకపడ్డాయి. వల ఎయ్యండి" అన్నాడు.

ఎవరి చెయ్యీ కదలలేదు. అందరూ సుభద్రమ్మవైపు చూచారు.

ఆమె కంటికి చెయ్యి అడ్డం పెట్టి చూచింది. తమ్ముడు చెప్పినది అక్షరాలా నిజం. వాడు తెడ్డును ఒళ్ళో పెట్టుకొని ఆమె ముఖమే చూస్తున్నాడు.

"సిన్నకొండ దాటింది. బండలు ఎనకపడ్డాయి. వల ఎయ్యండి" అన్నది సుభద్రమ్మ.

వారు వల వేశారు.