మూడో వరస

ఒకప్పుడు హెక్టర్ దగ్గర పాటలు నేర్చుకున్న రూరి ఈసారి అరవై మంది వాద్యగాళ్ళను వెనకేసుకుని ఇన్వర్నెస్ పట్నంలో కచేరీ చేస్తున్నాడట. పట్నం సంగీతమూ మన దీవి పాటలూ కలిపి గిటారు మీద వాయిస్తాడట. అందులో హెక్టర్ నాయనమ్మ బాణీ కూడా ఉందట. పేరు మాత్రం తనదే వేసుకున్నాడట. ఇదంతా పక్కింటి పెగ్గీ చెప్పింది. పెగ్గీకి తపాలావాడు చెప్పాడు. వాడికెవరు చెప్పారో దేవుడికెరుక.

పెగ్గీ నోట పడ్డ మాట దువ్విన ఉన్నిలా పొంగుతుందని ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా హెక్టర్ కడుపులో కుంపటి రాజుకుంది.

స్కై దీవిలో ఆ మూల పెళ్ళికైనా చావుకైనా నలభై ఏళ్ళుగా హెక్టర్ ఫిడేలే మోగుతోంది. అక్కడొక కట్టుబాటుంది. బాణీ ఎత్తుకునే ముందు అది ఎవరి దగ్గర పట్టుకున్నదో చెప్పాలి. చెప్పకుండా వాయించడమంటే పరాయివాడి గొర్రెకు తన గుర్తు వేసుకోవడమే.

"రూరి రెండు టిక్కెట్లు పంపాడుగా, వెళ్ళి చెవులారా విను," అంది భార్య డొలీనా, రొట్టె పెనం మీద తిరగేస్తూ.

"ఆ గిటారు గోకుడు వినడానికి సముద్రం దాటిపోవాలా?"

"దాటేది వంతెనేగా! ఉత్త గోకుడే అయితే వారం నుంచి నీకు తిండెందుకు సయించట్లేదు?"

శనివారం పొద్దున బస్సెక్కారు. హాల్లో నాలుగో వరసలో కూర్చున్నారు. నల్లకోటు వేసుకుని రూరి వేదిక మీదికి వస్తుంటే జనం ఇంకా ఏమీ వినకుండానే చప్పట్లు కొట్టారు. హెక్టర్ మాత్రం ఒళ్ళోంచి చేతులు తియ్యలేదు. డొలీనా మోచేత్తో పొడిచింది. కదల్లేదు.

ముందు ఏవో జర్మనీ పెద్దల సంగీతం వాయించారు. తర్వాత దీవి చిందు పాటలు అందుకునేసరికి ముసలాళ్ళ కాళ్ళు కూడా నేల తన్నడం మొదలుపెట్టాయి. తప్పు దొరుకుతుందేమోనని హెక్టర్ చెవులు రిక్కించాడు. ఒక్కటీ దొరకలేదు. దొరక్కపోవడమే ఎక్కువ మండింది.

అప్పుడు రూరి లేచి మైకు ముందుకొచ్చాడు.

"ఈ బాణీ మా ఊరి హెక్టర్ మెకాస్కిల్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన వాళ్ళ నాయనమ్మ దగ్గర పట్టుకున్నారు. నాకెలా ఇచ్చారో అలాగే, ఒక్క స్వరం మార్చకుండా వాయిస్తున్నాను. ఆయన ఇక్కడే ఉన్నారు."

తలలన్నీ ఇటు తిరిగాయి. వారం రోజులుగా దాచుకున్న తిట్లన్నీ హెక్టర్‌కు పనికిరాకుండా పోయాయి.

పడవ తిరిగిరాని ఇంటి పాట అది. రెండు వరసలు గిటారు ఒక్కటే చెప్పింది. మూడో వరసలో బాణీ పైకి లేచింది. దాని వెంటే ఫిడేళ్ళు లేచాయి, బాకాలు లేచాయి, అరవై మందీ లేచారు.

నాయనమ్మ పాటలో ఆ వరస లేవదు. ఒడ్డున కూర్చున్న ఆడమనిషి తల వాల్చుకున్నట్టు కిందికి దిగిపోతుంది.

హెక్టర్ దగ్గర ఈ పాట నేర్చుకునేటప్పుడు రూరికి పదహారేళ్ళు. పొయ్యి పక్కన కూర్చుని మొదటి రెండు వరసలూ ఒక్కసారి విని తిరిగి వాయించాడు. ఆ వాయింపులో హెక్టర్‌కు ఎన్నడూ చిక్కనిదేదో ఉంది. మూడో వరస దగ్గర హెక్టర్ బాణీని కావాలనే పైకి తిప్పాడు. తర్వాతెన్నడూ దిద్దలేదు. వాడు వినే చోట ఆ పాట మళ్ళీ వాయించనూ లేదు.

ఇప్పుడు ఆ దొంగ వరసకే వెనక సీట్లో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. తన అబద్ధం కూడా వాడి చేతిలో పడి తన నిజం కన్నా అందంగా ఉంది. హెక్టర్‌ను కొరుక్కుతిన్నది అదే.

కచేరీ అయ్యాక వాద్యగాళ్ళందరూ టీ కప్పులతో వసారాలో చేరారు. రూరి హెక్టర్‌ను చెయ్యి పట్టుకుని మధ్యకు లాక్కొచ్చాడు. ఆర్కెస్ట్రాను నడిపించిన పెద్దావిడ ఎదురొచ్చింది.

"ఆ మూడో వరస ఉంది చూశారూ, మీ నాయనమ్మగారికి దణ్ణం పెట్టాలండీ! మీ ఇంటి పేరుతోనే పుస్తకంలో అచ్చేస్తున్నాం. ఇక వందేళ్ళైనా అందరూ ఇలాగే వాయిస్తారు."

"వెయ్యకండి," అన్నాడు హెక్టర్. "అది తప్పు."

"ఏది తప్పు బాబాయ్?" అన్నాడు రూరి.

"మూడో వరస. అది కిందికి దిగాలి." అక్కడే నిలబడి కూనిరాగం తీసి చూపించాడు.

రూరి నవ్వబోయి మానేశాడు. "నువ్వేగా బాబాయ్ పైకి నేర్పావు! ఆ చలికాలమంతా నా చేత అలాగే వాయింపించావు కదా. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయుంటాళ్ళే నాయనా, పెద్దవాడు," అంటూ డొలీనా మొగుడి చొక్కా పట్టుకు లాగింది. "పద, బస్సుకు టైమైంది."

హెక్టర్ ఆమె చెయ్యి విదిలించుకున్నాడు.

"మర్చిపోలేదు. నాకంటే బాగా వాయిస్తున్నావని కడుపు మండి తప్పు నేర్పాను."