నూట నలభై రెండో కాగితం

పొద్దున్నే మైదాలో పురుగు పట్టకుండా కాస్త మైలతుత్తం కలిపి జిగురు ఉడికించాను. మా ఆయన భానుమూర్తిగారు పోగుచేసిన చావు కాగితాలు అట్టలకు అంటించాలి.

కాశీ పండాల కరపత్రాలు, గయలో పిండాలు పెట్టిస్తామనే ప్రకటనలు, గంధపు చెక్కల వర్తకుల ఉత్తరాలు, కర్మసామాను కొట్ల ధరల పట్టీలు. కొన్నింటి మీద పాత రాణిగారి తల స్టాంపులు. టెక్కలిలో మేష్టరైన ఈయనకి ఇవి పోగుచెయ్యడం పాండిత్యం. దుమ్ము దులిపి, చిరుగులు అతికి, ఎండబెట్టడం నాకు చాకిరీ. రేపు వాల్తేరు నుంచి ప్రొఫెసరుగారు వీటిని చూడ్డానికి వస్తున్నారు. ఆయనకి గారెలు, పులిహోర కూడా నేనే చెయ్యాలి.

సోంపేటలో మా నాన్నది కర్మసామాను కొట్టే. పెళ్లైన కొత్తలో ఈయన, "మీవోళ్ల యాపారం పేరు నలుగురిలో ఎత్తకే, సిగ్గుసేటు" అనేవారు. ఇప్పుడేమో, ఎప్పుడో పోయిన మా నాన్న అచ్చు వేయించిన కరపత్రం దొరికితే చాలు, కళ్లకద్దుకుంటారు.

పెట్టెలో అలాంటిదే ఒకటి కొత్తగా కనబడింది. మూల మీద పెన్సిలుతో 142 అని ఆయన వేసిన అంకె. వెనక్కి తిప్పితే తమ్ముడు బాబ్జీ దస్తూరి. కంగారులో చేతికందిన కాగితం మీదే రాసేశాడు పాపం.

"అప్పా, పొద్దున్న అమ్మ పోయింది. ఎంటనే బయల్దేరు." తారీఖు 11-3-56. మొన్నటిది.

చావు కబురు ఉత్తరాన్ని చదవగానే చింపేస్తారు, ఎవరూ ఇంట్లో ఉంచరు. ఈ మనిషి దానికి నంబరు వేశాడు.

అడిగితే తలైనా దించలేదు. "నిన్న బడికొచ్చింది. సెప్తే ఎల్లిపోదువు. ఎల్లకపోయినా మూడ్రోజులు మైలని పొయ్యి ముట్టవు. పెద్దమనిషికి వొండేదెవలు? ఎల్లుండి సెప్దారనుకున్నాను. జాగర్తే, అలాటిది ఇంకోటి దొరకదు."

ఏడుపు రావలసిన చోట అసహ్యం వచ్చింది. మా అమ్మ కోసం ఏడవాల్సిన ఏడుపు కూడా ఈయన మింగేశాడు.

ఆయన కళ్లముందే ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను. "అయ్యయ్యో!" అన్నారు. అమ్మ పోయిందని చదివినప్పుడు ఆయన నోట రాని మాట అది.

నూతి దగ్గర తల మీద నీళ్లు పోసుకుని, చీర మార్చుకుని, సోంపేట బస్సుకి బయల్దేరాను. ఆయన ఇంకా నేల మీద ముక్కలు ఏరుకుంటున్నారు.

"జిగురు పొయ్యి మీదుంది, అతికించుకోండి" అన్నాను గుమ్మం బయట నుంచే. మైల మూడు రోజులే అని ఆయనకి తెలుసు. నాలుగో రోజు వస్తానని మాత్రం నేను చెప్పలేదు.