వెనకాల వచ్చే కారు

"కారు పడకుండా తియ్యి," అన్నాడు నబీ రసూల్, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద పెట్టి.

మెహరున్నిసా ఫోను పట్టుకుని రెండడుగులు పక్కకు జరిగింది. అతని వెనక సౌదీ ఎడారిలోని తువైక్ కొండలు నిలువునా తెగి నిలబడి ఉన్నాయి. వానలకు కోసుకుపోయిన వంకలు, పొరలు పొరలుగా బెల్లం రంగు రాళ్లు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ దిగిపోతున్న రోడ్డు. కాలేజీ రోజుల్లో ప్రొద్దుటూరు నుంచి బస్సులో పోయి చూసిన గండికోట లోయ గుర్తొచ్చింది ఆమెకు. ఆ మాట చెబుదామనుకునేలోపే "హెల్మెట్ బాగా కనపడతాందా?" అని అతను అడగడంతో ఊరుకుంది. మూడు ఫోటోలు తీసింది. మూడోదాంట్లో కారు అద్దం అంచు పడిందని మళ్లీ తీయించాడు. తర్వాత హాయిగా ఏటవాలులోకి జారుకుంటూ వెళ్లిపోయాడు. అతను వదిలేసిన ఖాళీ సీసా, చేతి తొడుగులు, అరటిపండు తొక్క ఏరుకుని ఆమె కారెక్కింది. వెనక వచ్చే లారీలకు తెలిసేలా నాలుగు లైట్లూ మిణుకుమనిపించి, అతని వెనకే బయలుదేరింది.

అల్ ఖర్జ్ నుంచి తాయిఫ్‌కు పాత రోడ్డు మీద సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు, ఏడు రోజులు, సైకిలు మీద. అదీ అతని పథకం. నబీ రసూల్ అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో పాలు చల్లబరిచే మిషన్లు చూసుకునే సూపర్‌వైజరు. రెండేళ్ల కింద డాక్టరు షుగరు వచ్చేలా ఉందంటే సైకిలు కొన్నాడు. మొదట అది ఒంటి కోసమే. రియాద్ సైక్లింగ్ గ్రూపులో చేరాక పేరు కోసం అయింది. ఫిబ్రవరి సెలవులకు తన లీవు కలుపుకుని ఈ యాత్ర పెట్టుకున్నాడు. మెహరున్నిసాను వస్తావా అని అడగలేదు. "నువ్వు వెనకాల కారులో రా. నీకూ ఎడారి చూసినట్టుంటది," అన్నాడు, వరమిచ్చినవాడిలా. పదో తరగతి చదివే కూతురు ఆసిఫాను పక్క ఫ్లాటు ఫర్జానాకు అప్పగించడం, వారానికి సరిపడా రొట్టెలు, పొడులు, పచ్చళ్లు కట్టుకోవడం, దారిలో గదులు ఎక్కడ దొరుకుతాయో ఫోను చేసి కనుక్కోవడం, ఇవన్నీ ఆమె చేస్తుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. సైకిలుకు రెండు వైపులా తగిలించే సంచులు మొదటి రోజు గంట తిరక్కముందే డిక్కీలోకి వచ్చేశాయి. వాటితో ఎత్తు ఎక్కడం కష్టంగా ఉందన్నాడు.

పద్దెనిమిది కిలోమీటర్ల వేగంతో కారు నడపడం ఎలా ఉంటుందో అంతకుముందు ఆమెకు తెలియదు. కాలు బ్రేకు మీద నుంచి తీసే వీలుండదు, గట్టిగా నొక్కే వీలూ ఉండదు. పక్కనుంచి లారీ దూసుకుపోతే కారు ఒక్కసారి ఊగుతుంది, ఆ గాలికి ముందు సైకిలు తూలుతుంది. ముందు అద్దం నిండా అతని వీపు. పదిహేడేళ్ల కాపురంలో ఏనాడూ అతన్ని ఇంతసేపు చూడలేదు. చెమట ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో, ఏ భుజం వంగితే అలసిపోయినట్టో, మెడ ఎటు తిప్పితే నీళ్లు కావాలో ఆ వీపును చూసే చెప్పగలదు. డ్రైవింగ్ లైసెన్సు మొదటి పరీక్షలోనే వచ్చినప్పుడు అతను అన్న మాట గుర్తొచ్చింది. మంచిదే, కూరగాయలకు పనికొస్తుంది అన్నాడు. అప్పటినుంచి కూరగాయలకే కాదు, వీధిలో నాలుగిళ్ల పిల్లల్ని బడికి దింపడానికీ, అతన్ని రియాద్ విమానాశ్రయానికి చేర్చడానికీ, చివరికి అతని వీపు వెనక రెండో వీపులా ఎడారి దాటడానికీ పనికొస్తోంది. సాయంత్రం గది చేరాక మోకాలు పట్టేసిందని చెబితే అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు కూచోనుండేదే కదా మెహరూ. తొక్కేది నేను కదా," అని నవ్వి, నొప్పి మందు తన పిక్కలకు రాయమని కాళ్లు చాపాడు. ఆమె రాసింది. రాస్తూ, ఇందులో తప్పు ఎక్కడుందో పట్టుకోవాలని చూసింది. దొరకలేదు. తొక్కింది అతనే కదా మరి.

మూడో రోజు కొండలు అయిపోయి మైదానం వచ్చింది. ఆ యేడు వానలు పడ్డందువల్ల నేల మీద పలచగా గడ్డి మొలిచి ఉంది. దగ్గరికి పోతే ఇసుకే కనిపించేది, దూరానికి మాత్రం ఆకాశం అంచుదాకా పచ్చగా ఉండేది. ఒకచోట రోడ్డు పని జరుగుతూ ఉండటంతో వాహనాలన్నీ ఆపేశారు. నబీ రసూల్ సైకిలు మీద పక్కనుంచి ముందుకెళ్లి నీడలో కూర్చున్నాడు. ఆమె కారు దిగి ఆసిఫాతో ఫోనులో మాట్లాడుతుంటే, తెలుగు విని ఒకాయన దగ్గరికొచ్చాడు. తలకు గుడ్డ చుట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. పేరు ఎల్లన్న, జగిత్యాల వైపువాడు, తారు రోడ్డు తొక్కే రోలరు తోలతాడు. సైకిలునూ, వెలుగుతూ ఆరుతూ ఉన్న కారు లైట్లనూ మార్చి మార్చి చూశాడు.

"ఆ సార్ ఎన్కనే వస్తున్నవా అక్కా? ఎంత దూరం సంది?"

మూడు రోజులుగా అని చెప్పింది.

"గింత మెల్లగ తోలుడు శాన కష్టమక్కా," అన్నాడు ఎల్లన్న. "రోలర్ తోలేటోన్ని, నాకెర్క. ఉర్కిచ్చుడు అందరికొస్తది. మోకాలు గుంజుతలేదా?"

మెహరున్నిసా లేదని చెప్పబోయి ఆగిపోయింది. గుంజుతోంది అంది. డిక్కీలోంచి రెండు నువ్వుల రొట్టెలు తీసి అతని చేతిలో పెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్త ఫోను చేసింది. నబీ రసూల్ రోడ్డు పక్కన తల వంచుకుని కూర్చుంటే మెహరున్నిసా ఒక చేత్తో సీసా ఎత్తి అతని తల మీద నీళ్లు పోస్తోంది. రెండో చేతిలో ఫోను. స్పీకరులో అత్త గొంతు ఎడారంతా వినబడేలా వచ్చింది.

"ఏమే మెహరూ, వాణ్ణొక్కణ్ణే ఎడారిలోకి తోలేసి నువ్వు ఇంట్లో ఎట్ల కూచోనుండావే? దప్పికైతే నీళ్లిచ్చే దిక్కు కూడా లేదంటనే వానికి."

నీళ్లు పోస్తున్న చెయ్యి ఆగింది. నబీ రసూల్ తలెత్తి, కళ్ల మీద కారుతున్న నీళ్లలోంచే వేలు పెదవుల మీద పెట్టుకుని, చెప్పొద్దని సైగ చేశాడు. మీ అబ్బాయి జాగ్రత్తగానే ఉన్నాడని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. తర్వాత ఫేస్‌బుక్‌లో అతను పెట్టిన పోస్టు తెరిచి చదివింది. కొండల ముందు అతని ఫోటో. కింద రాసి ఉంది: ఎనిమిది వందల కిలోమీటర్లు, ఒక్కడినే, తోడు లేదు, సాయం లేదు, నేనూ నా సైకిలూ. నాలుగు వందల మంది మెచ్చుకున్నారు. తోడికోడలు సింహం బొమ్మ పెట్టింది.

"ఒక్కడినే అని రాసినారే," అంది.

అతను కాసేపు ఇబ్బంది పడ్డాడు. దాచిపెట్టాలని కాదు, అట్లాంటివి ఎవరూ రాయరు, కారు ఉందంటే గ్రూపులో విలువుండదు అని ఏదేదో చెప్పాడు. ఆమె ముఖం చూసి లేచి భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి మాట మెత్తగా, ప్రేమగానే వచ్చింది.

"నువ్వు నా మనిషివే కదా మెహరూ. నువ్వు పక్కనుంటే నేనొక్కణ్ణే ఉన్నట్టే కదా."

ఆ మధ్యాహ్నమంతా అతని వెనక కారు నడుపుతూ ఆమె ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. అతను అబద్ధం ఆడి ఉంటే కోపం తెచ్చుకునేది, తిట్టి ఉంటే ఏడ్చేది. అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అతను ఒక్కడే, ఆమె ఆ ఒకటిలోనే కలిసిపోయి ఉంది. అతనికి ఆకలి వేస్తే ఆమె పొయ్యి దగ్గరికి పోయేది, నిద్ర వస్తే దీపం ఆర్పేది, అలసట వస్తే కాళ్లు పట్టేది. అతనికి దప్పికవుతుందని అతనికన్నా ముందే ఆమెకు తెలిసేది. మరి తనకు దప్పికైనప్పుడు తెలిసేదెవరికి? అద్దంలో చూసుకుంది. పెదవులు పగిలి ఉన్నాయి. పొద్దున్నుంచి నీళ్లు తాగినట్టు గుర్తులేదు. వెనక సీటులో ఇరవై సీసాలున్నాయి.

మరునాడు పొద్దున్నే అతను గదిలోంచి బయటికొచ్చేసరికి సైకిలు గోడకు ఆనించి ఉంది. దాని రెండు వైపులా సంచులు తగిలించి ఉన్నాయి. ఒకదాంట్లో బట్టలు, ట్యూబు, గాలి కొట్టే పంపు. ఇంకోదాంట్లో రొట్టెలు, ఖర్జూరాలు, ఆరు సీసాల నీళ్లు.

"ఏందిది?"

"మీ సామాను," అంది మెహరున్నిసా. "ఒక్కరే పోతాండారని రాసినారు కదా. పోండి."

అలిగినావా అని నవ్వబోయాడు. ఆమె ముఖంలో అలక కనబడకపోవడంతో నవ్వు సగంలో ఆగింది. లారీలున్నాయి, గాలి ఎదురుగా ఉంది, తనకేమైనా అయితే ఎట్లా అన్నాడు. తొంభై కిలోమీటర్ల దూరంలో పెట్రోలు బంకు ఉందని, మధ్యలో మరో రెండు చిన్నవి ఉన్నాయని, దారంతా ఫోను పలుకుతుందని, నిన్ననే అన్నీ కనుక్కున్నానని ఆమె చెప్పింది.

"ఏమన్నా అయితే ఫోన్ చెయ్యండి, వస్తా. ఊరికే మాత్రం వెనకాల రాను."

అతను ఇంకా ఏదో అంటుండగానే ఆమె కారు కదిలించింది. మలుపు దాటాక కాలు కిందికి నొక్కింది. నలభై, అరవై, తొంభై, నూటపది. అద్దం ముందు ఎవరి వీపూ లేదు. రోడ్డు మొత్తం కనబడింది, అటూ ఇటూ గడ్డి, దూరంగా ఒంటెల మంద, వాటి వెనక ఎర్రటి రాళ్ల గుట్టలు. ఈ దారిలో ఇన్ని ఉన్నాయా అనుకుంది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఏమో, గట్టిగా పాడుకుంటోంది.

బంకు చేరేసరికి ఎనిమిదిన్నర కూడా కాలేదు. అలవాటుగా డిక్కీ తెరిచి ఉల్లిపాయలు, కత్తిపీట తీసింది. ఒక ఉల్లిపాయ సగం తరిగాక ఎందుకు తరుగుతోందో అర్థంకాక పక్కన పెట్టేసింది. అంత పెద్ద పగలును ఏం చేయాలో చాలాసేపు తోచలేదు. కారులో పడుకుని నిద్రపోయింది. మధ్యాహ్నం లేచి నీళ్లు తాగి, బంకు పక్కన ఒక యెమెన్ ఆయన నడిపే హోటలు ఉంటే లోపలికెళ్లి కూర్చుంది. తర్వాత హోటలు వెనకనున్న గుట్ట ఎక్కింది. అక్కడినుంచి మైదానమంతా చాపలా కనబడింది. పొద్దు వాలాక చేసే అస్ర్ నమాజు వేళ దాటాక రోడ్డు మీద ఒక చుక్క కదలడం చూసింది. చుక్క మెల్లగా మనిషయింది, ఒకసారి ఆగింది, దిగి నడిచింది, మళ్లీ ఎక్కింది. ఎదురుగాలికి ఎంత కష్టపడుతున్నాడో అక్కడికే తెలుస్తోంది. ఆమెకు జాలి వేసింది, కానీ ఆమె మోకాలు నొప్పి పుట్టలేదు. గుట్ట దిగి వచ్చింది.

నబీ రసూల్ సైకిలు గోడకు ఆనించి నేల మీదే కూలబడ్డాడు. ముఖం మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు గీతలు కట్టింది.

"బరువుండాది," అన్నాడు చివరికి.

"ఉంటాది," అంది ఆమె.

రేపు ఎట్లా అని అడిగాడు. రేపు కూడా తను ముందే పోతానని, కావాలంటే సైకిలు కారు మీద కట్టుకుని పక్క సీటులో కూర్చోవచ్చని చెప్పింది. అతను సంచుల వైపు, కారు వైపు, ఆమె వైపు చూశాడు. లేచి ముఖం కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే అడిగాడు.

"తినేదానికి ఏముంది?"

"లోపల అన్నం, కోడికూర ఉండాయి. ఆయన బాగా చేసినాడు," అంది మెహరున్నిసా. "నేను తినేసినా."