అత్తగారి తడి అడుగులు

రోజూ పొద్దున్నే అత్తగారి వెనకాలే కోడలు గుడ్డ పట్టుకుని తిరిగేది. అడుగున నీళ్ళున్న నేల మీద నడిస్తే ఆవిడ పాదాలు చెమ్మగిల్లేవి. గచ్చంతా తడి అచ్చులు. "కాసేపు కూర్చోండత్తా, తుడవలేక చస్తున్నా" అని విసుక్కుని, కోడలు పెరటి బావి నీళ్ళతో ఊరి బట్టలుతికేది. ఆ ఇంటికి కూడు ఆ బావే.

ఆ వేసవిలో అత్తగారి అడుగులు ఆరిపోయాయి. వారం తిరక్కుండా బావీ ఎండింది. గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ యజమాని పెద్ద మోటారు బిగించాడు. పైపొర నీళ్ళకు గోడలు తెలియవు. ఒకే గిన్నెలో రెండు గరిటెలు పెడితే పెద్ద గరిటెదే భోజనం.

యజమాని గుమ్మంలోకొచ్చాడు. "ఇంకేం ఉతుకుతావమ్మా? ఈ స్థలం నాకిచ్చెయ్."

"ఉమ్మేసైనా ఉతుకుతాను గానీ మీకివ్వను" అంది కోడలు.

అతను నవ్వుకుంటూ వెళ్ళగానే అత్తగారు కొంగు దోపింది. "నన్ను బావిలోకి దింపవే."

కోడలు, ఇరుగుపొరుగు కలిసి ఆవిడను బుట్టలో కూర్చోబెట్టి దింపారు. అడుగున బంకమట్టి మీద నిలబడగానే ఆవిడ పాదాలు తడిశాయి, ఈసారి గోరువెచ్చగా.

"ఈ మట్టి కింద వేరే నీళ్ళున్నాయే. మూత బిగించిన కుండలో పొంగులా పైకి తన్నుతున్నాయి. ఆయన మోటారు ఇంత లోతుకి రాలేదు. బావులు తవ్వేవాణ్ణి పిలు."

అతను వచ్చి బంకమట్టిని తొలిచి గొట్టం దించాడు. నీళ్ళు వాటంతటవే ఎగబాకి గట్టు మీద పొర్లాయి. కోడలు చేంతాడు విసిరేసి పకపకా నవ్వింది.

"నవ్వింది చాల్లే, గొట్టానికి మూత పెట్టించు" అంది అత్తగారు. "ఎప్పుడో దూరపు కొండల మీద కురిసిన వాన ఇది. తోడినంత త్వరగా మళ్ళీ ఊరదు. మనకీ ఆ మోటారాయనకీ తేడా ఉండొద్దూ?"

కోడలు మూత పెట్టించి, వీధిలోకి ఒక కొళాయి వదిలింది. ఇరుగుపొరుగు బిందెలు బారులు తీరాయి.

కొన్నాళ్ళకు ఐసు ఫ్యాక్టరీ మోటారు బురద కక్కి ఆగిపోయింది. యజమాని మళ్ళీ వచ్చాడు, చేతులు కట్టుకుని.

"పెద్దమ్మగారూ, ఒక్కసారి మా ఆవరణలో నడిచి చూపించండి. కారు పంపిస్తాను."

"గోడ దాటడానికి కారెందుకు నాయనా? నా కాళ్ళు నా మాటే వింటాయి. దాహమైతే బిందె తెచ్చుకో. వరస చివర అదిగో, అక్కడ."

ఆవిడ లోపలికి నడిచింది. మోటారు ఆగాక పైపొర మెల్లగా ఊరుతున్నట్టుంది, గచ్చు మీద మళ్ళీ తడి అచ్చులు పడ్డాయి. కోడలు అలవాటుగా గుడ్డ అందుకుంది. వాకిట్లో నిలబడ్డ యజమానిని ఒకసారి చూసి, ఆ గుడ్డను దండెం మీద ఆరేసింది.