పచ్చరంగు వారం

సత్యాన్ని షెడ్డులోంచి మోసుకొచ్చినవాళ్ల చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. అతని పంచె మాత్రం నెత్తురుతో తడిసి ఎర్రగా ఉంది. అరుగు మీద పడుకోబెట్టబోతుంటే షెడ్డు యజమాని బంగారరాజుగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే, "అక్కడొద్దురా, నిన్ననే కడిగించేను" అన్నారు.

దాంతో సత్యాన్ని కాలవ గట్టున మట్టిలో పడుకోబెట్టారు. కొబ్బరిపీచుకి రంగులేసి పట్టాలు నేసే ఆ షెడ్డులో, రంగు తొట్టి దగ్గర అతనిది చాలా ఏళ్ల పని. రిక్షా వచ్చేదాకా అతని తల ఒళ్లో పెట్టుకున్నవాడు జ్ఞానప్రకాశం. షెడ్డు యూనియన్‌కి కార్యదర్శి, సత్యం భార్య దీనమ్మకి అన్న. సత్యాన్ని ఆ పనిలో పెట్టించింది కూడా అతనే.

ఒళ్లో ఉన్న తల బరువుకన్నా ఒక పాత నవ్వు ఎక్కువ బరువనిపించింది జ్ఞానప్రకాశానికి.

షెడ్డు వెనక గోడ దగ్గర మగాళ్లు మూత్రానికి నిలబడి ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకోవడం ఎప్పుడూ ఉన్నదే. "నీది గులాబీ, నాది గోరింటాకు." రంగు పీల్చిన ఒళ్లు రంగు దించుకుంటుందని అందరి నమ్మకం. ఉమ్మితే రంగు, చెమట పడితే రంగు, ఇదీ అంతే. కిందటేడు ఒకనాడు సత్యం అతన్ని పక్కకి పిలిచి, "బావా, నొప్పేం లేదు గానీ ఎర్రగా పడతంది. ఈ వారం తొట్లో పచ్చ కదా మరి?" అన్నాడు.

జ్ఞానప్రకాశం నవ్వేశాడు. "పాత రంగేదో లోపలుండిపోయుంటది. రెండు బొండాలు తాగు" అన్నాడు. అప్పుడు తొట్టి పనికి కూలి పెంచమని రాజుగారితో మాటలు నడుస్తున్నాయి. మధ్యలో జబ్బు సంగతి ఎత్తితే మాటలు చెడిపోతాయని భయం. కూలి పెరిగింది. యూనియన్ గెలిచిందని మిఠాయి కూడా పంచారు. ఆ తొట్లో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు.

కాకినాడ పెద్దాసుపత్రిలో దీపమున్న గొట్టం పెట్టి సత్యం మూత్రసంచి లోపల చూశారు. డాక్టరమ్మ బయటికొచ్చి నిదానంగా చెప్పింది.

"కేన్సరు గడ్డ. సంచి గోడలోకి దిగిపోయింది. నొప్పి లేకుండా నెత్తురు పడితే ఆ మొదటి రోజే రావాలి. ఒకసారి పడి ఆగిపోయినా రావాలి. చిన్నగా ఉన్నప్పుడైతే ఈ గొట్టంతోనే తీసేద్దుం. మొదట ఎప్పుడు చూసేవు నువ్వు?"

సత్యం బావ వంక చూడలేదు. "జ్ఞాపకం లేదండి" అన్నాడు.

ఆ అబద్ధం ఎవరి కోసమో జ్ఞానప్రకాశానికి తెలుసు.

"ఏం పని మీది?" అని అడిగి, రంగుల పని అనగానే డాక్టరమ్మ ముఖం మారింది. "మిగతావాళ్లకి పరీక్ష చేయించేరా? కొన్ని రంగు పొడులతో పనిచేసేవాళ్లకి ఈ గడ్డలొస్తాయని ఎప్పట్నించో తెలుసు. కంటికి తేటగా ఉందని ఎవర్నీ వదిలెయ్యకండి. మైక్రోస్కోపులో చూస్తేనే తెలుస్తుంది."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే మీటింగు పెట్టారు. మేస్త్రి కనకరాజు రాజుగారి తరఫున వచ్చి నిలబడ్డాడు.

"ఊరికే జనాన్ని హడలగొట్టకండి. రంగు మనిషికి రంగు దిగద్ది. కొత్తేముంది?"

పీచు కొట్టే ముసలి పాపాయమ్మ కూర్చున్నచోటి నుంచే అంది: "ఆయ్, అలాగేనండి మేస్త్రీగారూ. మరి పచ్చరంగు వారంలో మా ముసలాడికి పచ్చగా పడలేదేవండి? అప్పుడూ ఎరుపే కదండీ."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వెనక వరసలో ఒకడు "నాకూ ఎరుపే" అన్నాడు. గోడ పక్కన ఇంకొకడు తల దించుకున్నాడు. ఆడవాళ్లలోంచి ఒకామె ముసుగు సర్దుకుని, "మాకూనండి. సిగ్గుపడి చెప్పుకోలేదు" అంది.

అప్పుడు దీనమ్మ లేచింది.

"మా ఇంట్లో ఆయన ఈ మాట కిందటేడే చెప్పేరు. ఎవరికి చెప్పేరో మా అన్నయ్యని అడగండి."

అందరూ అతని వైపు తిరిగారు.

"ఆయ్. నాకే చెప్పేడు" అన్నాడు జ్ఞానప్రకాశం. "విషానికి రేటు పెంచమన్నాను గానీ, విషమేంటని అడగలేదు."

"ఏడవకు" అంది దీనమ్మ. "నీ ఏడుపు నాకెందుకు? రేపేం చేస్తావో చెప్పు."

సోమవారం పొద్దున రాజుగారు లేచేసరికి, కడిగించిన ఆ అరుగు మీద సీసాలు బారుగా ఉన్నాయి. టానిక్కు సీసాలు, సోడా సీసాలు, మందు సీసాలు. ఎవరి మూత్రం వాళ్ల సీసాలో. ప్రతి సీసా వెనకా దాని తాలూకు మనిషి. కొన్ని ఎరుపు, కొన్ని టీ నీళ్ల రంగు, చాలా వరకు తేట. జ్ఞానప్రకాశానిది కొబ్బరినీళ్లలా ఉంది. దాన్ని సత్యం తోటివాళ్ల సీసాల పక్కన పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు, విడిగా ఓ మూల పెట్టాడు.

"ఏంటీ అసహ్యం? తీసెయ్యండి" అన్నారు రాజుగారు.

"మీ రంగేనంట కదండీ" అంది పాపాయమ్మ. "ఇందులో పచ్చదేదో మీరే ఏరండి."

"ఏ పొడి వాడుతున్నారో చెప్పాలి" అన్నాడు జ్ఞానప్రకాశం. "అందరికీ మీ ఖర్చుతో పరీక్ష చేయించాలి. ఒక్కసారి కాదు, ఏటేటా. సత్యం వైద్యం మీదే. అంతవరకూ తొట్లో చెయ్యి పెట్టేవాడు లేడు."

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. సీసాలు పగలగొట్టడానికి లాఠీ ఎత్తిన కానిస్టేబులు తన బూట్ల వంక చూసుకుని దించేశాడు. ఎస్సై మాత్రం ఆలోచించలేదు. "కార్యదర్శి ఎవడ్రా?" అని జ్ఞానప్రకాశాన్ని కాలరు పట్టుకుని ఎక్కించాడు.

జీపు వెనక సీట్లోంచి అతను చూస్తూనే ఉన్నాడు. జనం చెదరలేదు. సగం మంది గేటు ముందు కూర్చున్నారు. సగం మంది కాకినాడలో పరీక్ష చేయించుకోవడానికి, కోటిపల్లి రేవు వైపు నడక మొదలెట్టారు. వాళ్లకి ముందు దీనమ్మ. జీపు కదిలేలోగా ఆమె దాని పక్కకొచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆమె చేతిలో గుడ్డ చుట్టిన సీసా ఉంది.

"ఇది నీదే అన్నయ్యా. నువ్వు రాలేవుగా, పట్టుకెళ్తన్నాను" అంది. "తేటగా ఉందని ఎవర్నీ వదిలెయ్యద్దన్నారుగా డాక్టరమ్మ."

అతని జవాబు కోసం ఆగకుండా, జనం ముందుకి వెళ్లి నడిచింది.