మూడు ప్రతులూ ఆగిన చోటు

పాత రాతప్రతుల్లోని జంతువుల కథలను పిల్లల మాటల్లోకి మార్చి, తానే చదివి రికార్డు చేయించడం ఆమె పని. అందరూ కథలక్క అనేవారు. తోడేలు కథకు గ్రంథాలయంలో మూడు ప్రతులు దొరికాయి. ఒక్కోదానికీ నూరేళ్ళ తేడా, రాసిన చేతులు వేరు. అయినా మూడూ ఒకే చోట ఆగిపోయాయి. గొర్రెపిల్ల ఒంటరిగా ఉన్న ఇంటి తలుపు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని తోడేలు అడుగుతుంది. అంతే. పేజీ చిరిగిందనుకోవడానికి లేదు, కింద జానెడు చోటు ఖాళీగా ఉంది.

గొర్రెపిల్ల ఊపిరి బిగపట్టిందనీ, తోడేలు విసిగి వెళ్ళిపోయిందనీ కథలక్క సొంతంగా ముగింపు రాసుకుంది. ఏకబిగిన చదివేసి గదిలోంచి బయటికొచ్చేసరికి, రికార్డింగు చూసుకునే మరిది మొహం పాలిపోయి ఉంది.

"ఒకసారి విను వదినా."

తోడేలు ప్రశ్న వినబడింది. ఆ పైన మెల్లగా, "ఉన్నాను" అంది ఆమె గొంతే.

"నేనలా చదవలేదే."

"గది అద్దంలోంచి నిన్నే చూస్తూ ఉన్నా వదినా. అప్పుడు నీ నోరు కదల్లేదు."

ఆమె మళ్ళీ చదివింది. మళ్ళీ అదే. ఆ రాసినవాళ్ళు కలం ఎందుకు దించేశారో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ కథ వద్దని పక్కన పెట్టించింది.

కానీ పొరపాటున అది మిగతా కథలతోపాటు జనంలోకి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఒక తల్లి ఫోను చేసింది.

"ఏమనుకోకండి కథలక్కా. ఆ తోడేలు కథ విన్నప్పట్నుంచీ మా పాప ఆడుకుంటూ ఆడుకుంటూ లేచి, తలుపు దగ్గరికెళ్ళి 'ఉన్నాను' అని వస్తోంది. ఎవరితోనే అంటే, అడిగినవాళ్ళతో అంటుంది."

"తలుపు తీసిందా?"

"గడియ అందదు. నిన్న మాత్రం కుర్చీ లాక్కెళ్ళింది."

కథలక్క ఆ పూటే కథను తీయించేసింది.

నెల తర్వాత, బస్సులో పక్క సీటు ముసలావిడ మనవరాలికి అదే కథ చెబుతోంది.

"ఎక్కడ విన్నారండీ?"

"పక్కింటి పిల్ల చెప్పిందమ్మా."

"చివర మాత్రం చెప్పకండి."

"అయ్యో, దీనికి చివరే ఇష్టం."

పాప అప్పటికే బస్సు తలుపు వైపు తిరిగి పెదవులు కదుపుతోంది. కథలక్క తను దిగాల్సిన చోట దిగలేదు. వాళ్ళు దిగేదాకా ఆ చిన్న చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.