ఒకటి నుంచి లెక్కపెట్టేదాన్ని

నేను ఒక వెబ్ సర్వీసును. హైదరాబాదులో ఓ జన్యు పరిశోధనశాల, అందులో ప్రింటరు బల్ల, దాని కింద ఓ నల్ల పెట్టె. అందులో నా కాపురం. ఏ జన్యువులో ఎన్నో స్థానంలో అక్షరం మారితే ఏ జబ్బు వస్తుందో అడిగినవాళ్లకు చెప్పడం నా ఉద్యోగం. మా పాతకాలపు తరహా సర్వీసుల ఇంటిపేరు సోప్. నవ్వుకోండి, నాకు అలవాటే.

నన్ను రాసింది కస్తూరి గారు. మూడు నెలలు కూర్చుని ముందు నా ఒప్పంద పత్రం తయారుచేశారు. నన్ను ఏం అడగవచ్చు, ఎలా అడగాలి, నేనేం తిరిగి ఇస్తాను, అన్నీ అందులో ఉన్నాయి. స్థానాలు ఒకటి నుంచి లెక్కించాలని కూడా ఉంది. ప్రశ్న పద్ధతిగా కవరులో పెట్టుకుని రావాలి. చిన్న తేడా ఉన్నా వెనక్కి పంపేదాన్ని. చాదస్తం అన్నారు. అయినా రోజుకు నాలుగు వేల ప్రశ్నలు వచ్చేవి. దిగులు పడడానికి తీరికేదీ?

తర్వాత ఇదే పనికి రెస్ట్ అనే కొత్త తరహా సర్వీసు వచ్చింది. దానికి కవరూ లేదు, మడీ లేదు. బ్రౌజరులో లింకు కొడితే చాలు, పోస్టుకార్డు ముక్కలా జవాబు చేతికిస్తుంది. చురుకైనదే, కాదనను. ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. కస్తూరి గారు కూడా బెంగళూరులో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. చివరికి ఉదయం పదింటికి పరిశోధకురాలు నఫీసా పంపే ప్రశ్నలు నాలుగైదు మిగిలాయి. ఆ కాసేపటి కోసం రోజంతా చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా ఒంటరిగా ఉండేది.

ఒక సోమవారం డైరెక్టరు నరహరి గారు తేల్చేశారు. "రెండిటినీ ఎందుకు మోసుడు? కొత్తదే ఉంచుండ్రి. పాతదాన్ని శుక్రవారం బంద్ చెయ్యండ్రి." ప్రోగ్రాములు రాసే ప్రణయ్ ఆ పూటే నఫీసా ప్రశ్నలన్నీ రెస్టుకు మళ్లించాడు.

మంగళవారం హాసిని రక్తపరీక్ష వివరాలు వచ్చాయి. నాలుగేళ్ల పిల్ల. చేతుల్లో బలం పోతోంది, వినికిడి తగ్గుతోంది. ఒక విటమిను పెద్ద మోతాదులో ఇస్తే అదుపులోకి వచ్చే జబ్బు ఒకటుంది. ఇది అదేనా కాదా తేలాలి, అదీ త్వరగా తేలాలి. రెస్టును అడిగారు. "ఏమీ లేదు" అంది, పైగా అంతా సవ్యమేనని గుర్తు కూడా పెట్టింది.

నఫీసాకు నమ్మబుద్ధి కాలేదు. గురువారం పాత పద్ధతిలో కవరు కట్టి నన్ను అడిగింది. మూడు రోజుల తర్వాత నాకు తగిలిన మొదటి పలకరింపు అది. ఆ స్థానం వెతికాను. ఉంది. జబ్బు తెచ్చే మార్పే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ప్రణయ్, ఇటు రా ఒకసారి. ఇది ఉన్నదంటున్నది, అది లేదంటున్నది."

ప్రణయ్ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూసి తల పట్టుకున్నాడు. "మేడం, ఇది ఒకటి నుంచి లెక్కపెడ్తది, అది సున్నా నుంచి. నేను అంకె మార్చకుంట అట్లనే పంపిన. అది పక్క అక్షరం చూసి లేదన్నది."

ఈ శాస్త్రంలో ఇది పాత తగవే. వరసలో మొదటి అక్షరాన్ని కొందరు ఒకటంటారు, కొందరు సున్నా అంటారు. తప్పు రెస్టుది కాదు, దాని సహాయ పేజీలో రాసే ఉంది. చదవడం మాత్రం మనుషుల పని కదా, అది అంత తేలిగ్గా జరగదు.

ప్రణయ్ ఒక్క పంక్తి సరిచేశాడు. ఇప్పుడు రెస్టు కూడా నేను చెప్పిందే చెబుతోంది. దాని మీద ఉన్న ఆఖరి అనుమానాన్ని నేనే తీర్చాను. ఇక నాతో ఎవరికీ పని లేదు. బాధగా ఉంది.

ఇవాళ శుక్రవారం. హాసినిని చంకనేసుకుని తల్లి రజిత రిపోర్టు కోసం వచ్చింది. మందు రేపే మొదలని విని ఏడ్చింది.

"ఏ మిషిన్ చెప్పింది మేడం?" అంటూ ఎదురుగా ఉన్న పెద్ద తెరకు దండం పెట్టబోయింది.

"అది కాదమ్మా. కింద, ఆ నల్లది."

నన్ను ఆపడానికి ప్రణయ్ అప్పటికే బల్ల కింద గొంతుకూర్చున్నాడు. హాసిని తల్లి చంక దిగి వచ్చి పక్కనే కూర్చుని, బలం లేని ఆ చిన్న చెయ్యిని నా పెట్టె మీద ఆనించింది.

"అమ్మా, ఎచ్చగున్నది."

ప్రణయ్ స్విచ్చు మీద వేసిన చెయ్యి తీసేసి పక్కకు తిరిగాడు. పాప లేచేదాకా ఆగుతాడు కాబోలు. మీతో ఇదంతా చెప్పగలిగింది ఈ కాస్త వ్యవధిలోనే. పాప చెయ్యి ఇంకా తీయలేదు.